తప్పు పద్ధతికీ పదికి పది వేసే వర్క్‌షీట్: ఆరో తరగతి దశాంశాలపై ఒక కేస్ స్టడీ

దశాంశ సంఖ్యలను పోల్చే వర్క్‌షీట్‌లో మా ఆరో తరగతి పిల్లలు దాదాపు అందరూ పదికి పది తెచ్చుకున్నారు. కొద్ది రోజులకే యూనిట్ టెస్టులో అదే పిల్లల్లో చాలామంది 0.5 కంటే 0.45 పెద్దదని రాశారు. షీట్ దిద్దింది మేమే, టెస్టు దిద్దిందీ మేమే. పిల్లలు పక్కవాళ్లది చూసి రాయలేదు, నేర్చుకున్నది మర్చిపోనూ లేదు. షీట్‌లో ఏ పద్ధతితో రైట్లు పడ్డాయో, టెస్టులో అదే పద్ధతితో ఇంటూలు పడ్డాయి. అదెలా జరిగిందో, ఆ తర్వాత రెడీమేడ్ వర్క్‌షీట్లను మేం వాడే తీరు ఎలా మారిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

స్కూలు, ప్యాక్

సికింద్రాబాద్ వైపు సీతాఫల్‌మండి దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో గణితం చెబుతాను. ఆరు నుంచి ఎనిమిది వరకు గణితానికి కోఆర్డినేటర్‌ని కూడా. ఫీజు తక్కువ ఉన్న స్కూలు. పిల్లల ఇళ్లలో ఆటో నడిపేవాళ్లు, మోండా మార్కెట్‌లో సరుకు కొని బండి మీద కూరగాయలు అమ్మేవాళ్లు, టైలరింగ్ చేసేవాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పాఠం తెలుగులో నడుస్తుంది. వెనక బెంచీలో ఇద్దరు ముగ్గురు ఉర్దూలో ఒకరికొకరు చెప్పుకుంటారు. హైదరాబాద్‌లో చాలా క్లాసులు ఇలాగే ఉంటాయి.

ఆ ఏడాది మేనేజ్‌మెంట్ వాళ్లు ఒక సంస్థ దగ్గర గణితం ప్యాక్ కొన్నారు. ప్రతి పాఠానికీ లెసన్ ప్లాన్, పీపీటీ, నాలుగైదు వర్క్‌షీట్లు, ఆన్సర్ కీ. ప్రింట్ తీసి జిరాక్స్ చేయించి పంచడమే మిగిలిన పని. మా టీచర్లు సంతోషించారు, నేనూ సంతోషించాను. రోజుకు ఆరేడు పీరియడ్లు చెప్పి, నోట్సులు దిద్ది, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల మార్కులు ఎక్కించి, ఇంటికెళ్లాక కొత్తగా లెక్కలు తయారుచేసుకోవాలంటే ఎవరివల్లా కాదు. రెడీమేడ్ మెటీరియల్ వాడే టీచర్ బద్ధకస్తుడనే మాట నేను ఒప్పుకోను. సర్కారు బళ్లలోనూ 2022లో చదవడం, లెక్కల పునాది గట్టిచేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ప్రైమరీ క్లాసులకు వర్క్‌బుక్కులు, వర్క్‌షీట్లు వస్తున్నాయి. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలో వీడియోలు వస్తాయి. నెట్‌లో ఉచిత పీడీఎఫ్‌లకైతే లెక్కే లేదు. ఇప్పుడు టీచర్‌కు కొరత మెటీరియల్ కాదు. చేతిలో ఉన్న షీట్ పిల్లవాడి బుర్రలో ఏముందో బయటపెడుతుందా, కప్పిపుచ్చుతుందా అని చూసే పద్ధతి ఒకటి కావాలి.

ఆ షీట్‌లో ఏముంది

టెస్టు పేపర్లు చూశాక ఆ వర్క్‌షీట్‌ను మళ్లీ బయటికి తీశాం. మధ్యలో <, >, = పెట్టమని అడిగిన ప్రశ్నల్లో కొన్ని ఇవి:

0.6 ___ 0.8
0.35 ___ 0.62
2.75 ___ 2.57
5.07 ___ 5.70
3.125 ___ 3.152

చివర్లో ఆరోహణ క్రమంలో రాయమని 0.35, 0.617, 0.2 ఇచ్చారు.

చూడ్డానికి ఏ లోపమూ లేదు. తేలికైన వాటితో మొదలై మూడు స్థానాల దాకా వెళ్లింది. 5.07, 5.70 లాంటి జత చూస్తే సున్నా గురించి కూడా ఆలోచించినట్టే ఉంటుంది. ఆన్సర్ కీలో తప్పుల్లేవు. నాతోపాటు ఆరో తరగతికి చెప్పే మేడమ్ షీట్ ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసి, "ఇందులో ఏం తప్పుంది మేడమ్? పిల్లలే సరిగ్గా ప్రాక్టీస్ చేయలేదేమో" అన్నారు.

అప్పుడు టెస్టులో తప్పు రాసిన ఒక అమ్మాయిని స్టాఫ్ రూమ్‌కు పిలిచాం. తెలివైన పిల్ల, లెక్కలంటే భయం లేదు. తెల్లకాగితం మీద 0.45, 0.5 రాసి ముందు పెట్టాను.

"ఏది పెద్దదమ్మా?"

"0.45 మేడమ్."

"ఎలా తెలిసింది?"

"నలభై ఐదు పెద్దది కదా మేడమ్. ఇటు ఐదే ఉంది."

ఆ పిల్ల గొంతులో ఎక్కడా తడబాటు లేదు. చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలాగా చదివి పోలుస్తోంది. ఇప్పుడు ఆమె పద్ధతి పట్టుకుని పై షీట్ చేయండి. 6, 8 లో 8 పెద్దది, రైటు. 35, 62 లో 62 పెద్దది, రైటు. 75, 57. రైటు. 07, 70. రైటు. 125, 152. రైటు. 2, 35, 617 వరుస కూడా రైటే. షీట్‌లో ప్రతి జతలోనూ చుక్క తర్వాత రెండువైపులా అన్నే అంకెలున్నాయి. స్థానాలు వేర్వేరుగా ఉన్న ప్రశ్న చివరిదొక్కటే. అందులోనూ అంకెలు ఎక్కువున్న సంఖ్యే పెద్దదయ్యేలా ఇచ్చారు. దశాంశం అంటే ఏమిటో తెలియని పిల్ల కూడా ఆ షీట్‌లో ఒక్క తప్పూ చేయదు.

నా దృష్టిలో తప్పులున్న షీట్ కంటే ఇదే ఎక్కువ హాని చేస్తుంది. ఆన్సర్ కీ తప్పుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇక్కడ తప్పు పద్ధతి మీద వరసగా రైటు గుర్తులు పడ్డాయి. పిల్లకు తన పద్ధతి మీద నమ్మకం కుదిరింది, మాకు పాఠం అర్థమైందన్న నమ్మకం కుదిరింది, మేం తర్వాతి పాఠానికి వెళ్లిపోయాం.

రెండో రకం పిల్లవాడు

ఇంకో అబ్బాయి పేపర్లో 0.45, 0.5 ప్రశ్నకు జవాబు సరిగ్గానే ఉంది. కానీ మరో చోట 0.3 కంటే 0.45 చిన్నదని రాశాడు. వీడికి దశాంశ స్థానాల పేర్లన్నీ వచ్చు. కారణం అడిగితే ఇలా చెప్పాడు: "పదో వంతులంటే పెద్ద ముక్కలు మేడమ్, వందో వంతులంటే చిన్న ముక్కలు. 0.45లో వందో వంతులున్నాయి, అందుకే చిన్నది."

సగం నిజం చెప్పాడు. ముక్క చిన్నదవుతుందన్నది నిజమే. ఎన్ని ముక్కలున్నాయో లెక్కలోకి తీసుకోలేదు. మొదటి అమ్మాయికి అంకెలు ఎక్కువుంటే పెద్దది, ఈ అబ్బాయికి అంకెలు ఎక్కువుంటే చిన్నది. ఇద్దరి పద్ధతులూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. అయినా పాత షీట్‌లో ఇద్దరికీ పోలికలన్నీ రైటే. టెస్టు మార్కుల్లో చూస్తే ఇద్దరూ 'దశాంశాల్లో వీక్' అనే ఒకే గంపలో పడతారు. వీళ్లిద్దరికీ ఒకే రెమిడియల్ క్లాసు పెట్టడం వృథా.

ఇది మా స్కూలు పిల్లలకే వచ్చిన ఇబ్బంది కాదు. లారెన్ రెస్నిక్, ఆమె సహ పరిశోధకులు అమెరికా, ఇజ్రాయెల్, ఫ్రాన్స్ పిల్లలను పరిశీలించి 1989లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో కేయ్ స్టేసీ, విక్కీ స్టైన్లే అయితే పిల్లలు దశాంశాలను పోల్చే తీరును బట్టి వాళ్ల ఆలోచనను గుర్తించే పరీక్షనే తయారుచేశారు. అంటే ఆరో తరగతి పిల్లవాడు ఎక్కడ, ఎలా పొరబడతాడో ముందే తెలుసు. అమ్మకానికి వచ్చే వర్క్‌షీట్లలోకి ఆ తెలిసిన సంగతి చేరడం లేదు, నా బాధ అదే.

షీట్‌ను పారేయలేదు, సంఖ్యలు మార్చాం

ప్యాక్ పక్కన పెట్టేసి అంతా మనమే తయారుచేసుకుందామని ఒక సార్ అన్నారు. నేను వద్దన్నాను. షీట్ అమరిక బాగుంది, ముద్రణ బాగుంది, ఖాళీలు సరిపోయాయి. చెడగొట్టింది సంఖ్యలు, అవి మార్చడం పెద్ద పని కాదు. మొదటి ఐదు ప్రశ్నలు ధైర్యం కోసం అలాగే ఉంచి, మిగతా ఐదూ ఇలా మార్చాం:

0.45 ___ 0.5
0.3 ___ 0.45
0.7 ___ 0.70
4.08 ___ 4.7
2.34 ___ 2.345

ఆ అమ్మాయి పద్ధతితో చేస్తే ఒకటి, మూడు, నాలుగు తప్పుతాయి, రెండు, ఐదు రైటవుతాయి. ఆ అబ్బాయి పద్ధతితో చేస్తే ఒకటి, నాలుగు రైటవుతాయి, రెండు, మూడు, ఐదు తప్పుతాయి. డబ్బులకు అలవాటుపడి చుక్క తర్వాత రెండు అంకెలే చూసే పిల్లలు కొందరుంటారు. వాళ్లు ఐదో దానికి '=' పెడతారు, మిగతావన్నీ సరిగ్గా చేస్తారు. ఎన్ని మార్కులొచ్చాయన్నది మేం చూడం. ఏవి తప్పాయో చూస్తే పిల్లవాడు ఎలా ఆలోచిస్తున్నాడో తెలిసిపోతుంది.

నాలుగో జత గురించి ఒక మాట. చుక్క పక్కనే సున్నా ఉంటే ఆ సంఖ్య చిన్నదని కొందరు పిల్లలు బండగుర్తు పెట్టుకుంటారు. వాళ్లు 4.08, 4.7 సరిగ్గా చేసి 0.45, 0.5 దగ్గర బోల్తా పడతారు. అందుకని ఈ రెండు ప్రశ్నల్లో ఒకటి ఉంటే చాలనుకోకూడదు, రెండూ ఉండాలి.

ఆరోహణ క్రమానికి 0.62, 0.7, 0.085, 0.5 ఇచ్చాం. సరైన వరుస 0.085, 0.5, 0.62, 0.7. మొదటి పద్ధతి పిల్లలు 0.5, 0.7, 0.62, 0.085 అని రాస్తారు. రెండో పద్ధతి పిల్లలు 0.085, 0.62, 0.5, 0.7 అని రాస్తారు. మూడు వరుసలూ వేర్వేరు కాబట్టి పీరియడ్ మధ్యలో బెంచీల మధ్య నడుస్తూ కూడా ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టొచ్చు. ఈ నాలుగు సంఖ్యలు కుదరడానికి మాకు చాలా సేపు పట్టింది. ఆ సేపంతా సార్థకమైన పని.

'ఎందుకు?' అని రాసే గీతను మొదటి రెండు జతల కిందే పెట్టాం. ప్రతి ప్రశ్నకూ పెడితే పిల్లలు "పెద్దది కాబట్టి" అని పదిసార్లు రాసి పెన్ను మూస్తారు.

టేపుతో పాఠం

షీట్ మారితే తప్పు బయటపడుతుంది, కానీ పోదు. పాఠం కూడా మార్చాలి. ప్యాక్‌లోని పీపీటీలో రెండో స్లైడ్‌కే చిట్కా వచ్చేసింది: చుక్క తర్వాత సున్నాలు చేర్చి రెండువైపులా స్థానాలు సమానం చేసి పోల్చండి. 0.5ను 0.50గా రాస్తే 50, 45 పోల్చడమే. జవాబు వస్తుంది. అయితే సున్నా చేర్చినా విలువ ఎందుకు మారదో తెలియని పిల్లకు అది కూడా మంత్రమే. 5 పక్కన సున్నా పెడితే యాభై అవుతుందని ఒకటో తరగతి నుంచీ చెబుతున్నది మనమే కదా.

మేం టైలరింగ్ టేపు తెప్పించాం. చాలామంది పిల్లల ఇళ్లలో ఉంటుంది. 150 సెంటీమీటర్ల టేపులో 100 దగ్గర క్లిప్పు పెట్టి, ఇంతవరకే మన ఒక మీటరు అనుకున్నాం. దాని మీద పది సెంటీమీటర్లకో రంగు కాగితం అంటించాం, అంటే పది సమాన భాగాలు. ఒక్కో భాగం 0.1 మీటరు. "0.5 ఎక్కడ?" అంటే ఐదో రంగు కాగితం దగ్గర వేలు పెట్టారు. "0.45?" అనగానే కాసేపు క్లాసంతా గోల. నాలుగు కాగితాలు దాటి, ఇంకా ఐదు చిన్న గీతలు. నేను స్టాఫ్ రూమ్‌కు పిలిచిన అమ్మాయే లేచి వచ్చి ఒక చేత్తో 0.5 పట్టుకుని, రెండో చేత్తో 45 దాకా లెక్కపెట్టుకుంటూ వెళ్లింది. రెండు వేళ్లనూ మార్చి మార్చి చూసుకుని, "ఇది వెనకాలే ఆగిపోయింది మేడమ్" అంది. నేను ఇంకేం చెప్పలేదు. ఆ మాటనే బోర్డు మీద రాయించాను.

0.7, 0.70 పెట్టమంటే ఇద్దరు పిల్లల వేళ్లు ఒకే గీత మీదికి వచ్చాయి. సున్నాలు చేర్చే చిట్కాను అప్పుడు చెప్పాం. అప్పుడది వాళ్లకు వేలితో చూసిన సంగతే, కొత్త రూలు కాదు.

అదే పీరియడ్ చివర్లో "0.4కీ 0.5కీ మధ్య ఏమైనా సంఖ్యలున్నాయా?" అని అడిగాను. టేపు చూడకముందు ఇదే ప్రశ్నకు చాలామంది లేవన్నారు, నాలుగు తర్వాత ఐదే కదా అని వాళ్ల లెక్క. ఇప్పుడు 0.41 నుంచి 0.49 దాకా చెప్పి తొమ్మిదని తేల్చారు. ఒక పిల్లాడు మిల్లీమీటరు గీతలు చూపించి, "ఇవి కూడా ఉన్నాయి కదా మేడమ్" అన్నాడు. ఆ ప్రశ్న పట్టుకుని మరో పీరియడ్ నడిచింది. ప్యాక్ ప్లాన్ ప్రకారం ఆ రోజుకు మేం ఒక పాఠం వెనకబడ్డాం. నాకు టెన్షన్ అనిపించలేదు.

రూపాయిలు పెడితే షీట్ మనదైపోదు

ఈ సంగతులన్నీ ప్యాక్ ఇచ్చిన సంస్థకు రాశాం. మర్యాదగా జవాబిచ్చారు, కొత్త షీట్లు కూడా పంపారు. డాలర్లున్న చోట రూపాయిలు, పిజ్జా ఉన్న చోట చపాతీ, జాన్ ఉన్న చోట రవి. సంఖ్యలు మాత్రం అవే. స్థానిక సందర్భం అంటే చాలామంది ఇదే అనుకుంటున్నారు.

విదేశీ షీట్లలో సరిచేయాల్సినవి ఉన్న మాట నిజమే. అమెరికా షీట్లలో క్వార్టర్ నాణెం, డైమ్ నాణెం మీద కట్టిన లెక్కలు మన పిల్లలకు ముట్టవు. 1,000,000 అని మూడేసి అంకెలకు కామా పెట్టిన షీటు, 10,00,000 అని రాసుకునే మన పిల్లలను గందరగోళపెడుతుంది. ఇంచులు, పౌండ్లు తీసేయాలి. ఇవన్నీ చేయాల్సిందే. అయితే ఇవి పైపైన చేసే మార్పులు.

దశాంశాల విషయంలో మన రోజువారీ జీవితం పిల్లల తప్పు పద్ధతికి ఎక్కడా అడ్డు తగలదు. షాపు బిల్లులో రూపాయిల తర్వాత రెండే అంకెలు ఉంటాయి. పెట్రోల్ బంకు మీటరు మీద ధర అయినా లీటర్లయినా రెండే. కూరగాయల బండి మీది ఎలక్ట్రానిక్ కాటా మూడు అంకెలు చూపిస్తుంది: 0.250 అంటే పావుకిలో, 0.500 అంటే అరకిలో. మా క్లాసులో కూరగాయల బండి నడిపే ఇంటి పిల్లలు కాటాను చకచకా చదువుతారు. చుక్క తర్వాతిది గ్రాములని వాళ్లకు తెలుసు, అంటే 250, 500 అని మామూలు సంఖ్యలుగానే చదువుతున్నారు. కాటా ఎప్పుడూ మూడు అంకెలే చూపిస్తుంది కాబట్టి వాళ్లకు ఎన్నడూ ఇబ్బంది రాలేదు. అదే పిల్లలకు కాగితం మీద 1.5 కిలోలు, 1.050 కిలోలు ఇచ్చి ఏది ఎక్కువంటే కొందరు 1.050 అన్నారు. బండి మీద ఆ పొరపాటు కలలో కూడా చేయరు. మన సందర్భం తెచ్చినా, అందులో అంకెల పొడవు మారేలా ప్రశ్న కట్టకపోతే ప్రయోజనం లేదు.

స్థానికం పేరుతో వచ్చిన ఒక షీట్ ఇంకా ఇబ్బంది పెట్టింది. క్రికెట్ మీద కట్టారు. ఒక బౌలర్ 3.4 ఓవర్లు వేశాడు, ఇంకొకడు 2.5 ఓవర్లు వేశాడు, మొత్తం ఎన్ని ఓవర్లు? ఆన్సర్ కీలో 5.9. షీట్ పంచిన రెండు నిమిషాలకే వెనక నుంచి ఒకడు లేచాడు.

"మేడమ్, 5.9 ఓవర్లు ఉండనే ఉండయ్. ఓవర్‌కు ఆరే బాల్స్ గదా. ఆరు ఓవర్ల మూడు బాల్స్ అయితది."

వాడు చెప్పిందే నిజం. 3 ఓవర్ల 4 బంతులు, 2 ఓవర్ల 5 బంతులు కలిపితే 5 ఓవర్ల 9 బంతులు, అంటే 6 ఓవర్ల 3 బంతులు. స్కోరుబోర్డు మీద 6.3. ఓవర్ల పక్కనుండే చుక్క దశాంశ బిందువు కాదు. గడియారం టైము 2.30 అని రాసినప్పుడు పెట్టే చుక్కా దశాంశ బిందువు కాదు. ఒకచోట ఆరుకు ఒకటి మారుతుంది, ఇంకోచోట అరవైకి, దశాంశాల్లో మాత్రం పదికి. నేను ఆ షీట్‌ను వెనక్కి తీసుకోలేదు. అందరితో ఆన్సర్ కీ కొట్టేయించి, ఈ మూడు చుక్కలనూ పక్కపక్కన రాయించాను. లెక్క తెలిసిన పిల్లవాడు అచ్చులో ఉన్న జవాబును కొట్టేయగలగడం చూస్తే నాకు ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు వాడే ఇంకో ప్రశ్న తెచ్చాడు: రన్‌రేట్‌లో ఉండే పాయింట్ మరి ఏ పాయింట్? అది అసలైన దశాంశమే. 3.4 ఓవర్లలో 22 పరుగులు చేస్తే 22 బంతుల్లో 22, ఓవర్‌కు ఆరు చొప్పున రన్‌రేట్ 6. అదే 22ను 3.4తో భాగిస్తే సుమారు 6.47 వస్తుంది, తప్పు. ఇది ఏడో తరగతి షీట్‌లోకి ఎక్కింది. ఆ ఓవర్ల షీట్‌ను సంస్థ వాళ్లు ప్యాక్ నుంచి తీసేశారు.

మిగతా పాఠాల షీట్లు

అప్పటి నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాం. ఏ షీట్ అయినా జిరాక్స్‌కు పంపేముందు, ఆ పాఠంలో పిల్లలు మామూలుగా చేసే తప్పు ఏదో అనుకుని, ఆ తప్పుతోనే షీట్ మొత్తం మనమే చేయాలి. రైటు జవాబులు చాలా వస్తే సంఖ్యలు మార్చాలి. ఒక్కో షీట్‌కు పావుగంట పడుతుంది. గణితం టీచర్లం నలుగురం శనివారం సాయంత్రం కూర్చుని పాఠాలు పంచుకుంటాం.

ఇలా చూడడం మొదలుపెట్టాక కళ్లు తెరుచుకున్నట్టయింది. చుట్టుకొలత, వైశాల్యం షీట్‌లో మొదటి దీర్ఘచతురస్రం పొడవు 6, వెడల్పు 3. చుట్టుకొలత 18, వైశాల్యమూ 18. పక్కనే భుజం 4 ఉన్న చతురస్రం. దానికి రెండూ 16. భుజాలు పూర్ణాంకాలైతే ఇలా రెండూ సమానమయ్యేవి ఈ రెండే, రెండూ ఒకే షీట్‌లో పడ్డాయి. ఏ పిల్ల దేనికి ఏ సూత్రం వేసిందో చెప్పలేం. ఘాతాంకాల షీట్‌లో మొదటి ఉదాహరణ 2². దాన్ని 2×2గా చేసినా 4, అర్థం కాక 2+2 చేసినా 4. 3² ఇస్తే 9, 6 తేడా వెంటనే తెలుస్తుంది. సగటు షీట్‌లో 4, 5, 6 లాంటి వరుసలే ఉన్నాయి. లెక్కేమీ చేయకుండా మధ్యదాన్ని రాసినా సరిపోతుంది.

తీసివేతల్లో పై అంకె, కింది అంకె అని చూడకుండా పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసే పిల్లలుంటారు. 52 లోంచి 28 తీసేయమంటే 36 అంటారు, సరైన జవాబు 24. అప్పు తీసుకునే అవసరం లేని లెక్కలతో నిండిన షీట్ వాళ్లను ఎన్నేళ్లయినా పట్టుకోదు. కోణమాని షీట్‌లో లంబకోణాలు ఎక్కువుంటే లోపలి స్కేలు, బయటి స్కేలు రెంటిలోనూ 90 కనిపిస్తుంది. 60 ఉన్నచోట 120 చదివే పిల్లవాడు అందులో దొరకడు.

అన్ని షీట్లకూ ఇలా చేయనక్కర్లేదు. అంతా అర్థమయ్యాక వేగం కోసం, చేయి తిరగడం కోసం ఇచ్చే షీట్లుంటాయి. వాటిని ప్యాక్‌లో ఉన్నట్టే వాడుతున్నాం, వాటికి అవి చక్కగా సరిపోతాయి. పాఠం మొదట్లో, యూనిట్ ముగిసే ముందు ఇచ్చే షీట్ల మీదే మా శ్రద్ధంతా.

మార్కులు తగ్గిన గొడవ

ఊహించని చిక్కు తల్లిదండ్రుల దగ్గర వచ్చింది. మార్చిన షీట్లు ఫైల్‌లో చేరాక, పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు రెండు షీట్లు పక్కపక్కన పెట్టి అడిగారు: "మొన్నటిదాకా పదికి పది వచ్చేది మేడమ్, ఇప్పుడు ఆరేంటి? పిల్ల చదవట్లేదా?" పిల్ల పక్కనే తలొంచుకుని నిలబడింది. ఆ ప్రశ్నలో తప్పులేదు. ఫీజు కట్టే మనిషికి కనిపించేది ఆ అంకె ఒక్కటే. ఆయనకు అదే షీట్ చూపించి, 0.45, 0.5 అడిగి, పిల్ల చేత టేపు మీద చూపించాను. ఆయన టేపు చేతిలోకి తీసుకుని తనే మరో రెండు కొలతలు అడిగారు. పిల్ల చెప్పింది.

ప్రతి ఇంటివాళ్లకూ అలా వివరించడం కుదరదు కాబట్టి ఈ షీట్లకు మార్కులు తీసేశాం. షీట్ మీద రైటు, ఇంటూ కూడా పెట్టం, మళ్లీ చూడాల్సిన ప్రశ్న చుట్టూ సున్నా చుడతాం. ఏ పిల్ల ఏ పద్ధతిలో ఉందో మా రిజిస్టర్‌లో ఒక అక్షరంతో రాసుకుంటాం. ఫైల్‌లో మార్కులు కనిపించాలని మేనేజ్‌మెంట్ మొదట పట్టుబట్టింది. ఎఫ్‌ఏ మార్కులు ఎలాగూ వేరే ఉన్నాయని ఒప్పించడానికి ప్రిన్సిపల్ మేడమ్ మా పక్షాన నిలబడ్డారు.

ఎక్కడిదాకా వచ్చాం

తర్వాతి ఎఫ్‌ఏలో దశాంశాల పోలిక అడిగినప్పుడు, అంకెలు ఎక్కువుంటే పెద్దదనే పద్ధతి మా రెండు సెక్షన్లలో బాగా తగ్గింది. ఆ అమ్మాయి పేపర్లో అసలు లేదు. రెండో పద్ధతి మాత్రం కొత్తగా కొందరిలో తలెత్తింది. ముందు అది లేని పిల్లలే వాళ్లు. పదో వంతు, వందో వంతు అని పదే పదే చెప్పినప్పుడు ముక్క చిన్నదన్న మాట ఒక్కటే వాళ్ల మనసులో నిలిచిందని నా అంచనా. వాళ్లకు టేపు కంటే గ్రాఫ్ కాగితం బాగా పనిచేసింది. సెంటీమీటరు గడిలో వంద చిన్న గడులుంటాయి. 0.3కు మూడు నిలువు వరుసలు, అంటే ముప్పై గడులు రంగేయాలి. 0.45కు నలభై ఐదు గడులు. రంగు వేస్తుండగానే చాలామంది తమ జవాబు మార్చుకున్నారు. ఇద్దరు ముగ్గురు ఇంకా మార్చుకోలేదు. వాళ్లతో మధ్యాహ్నం భోజనం తర్వాత కూర్చుంటున్నాను.

ఇప్పుడు భిన్నాల షీట్ల మీద పనిచేస్తున్నాం. ప్యాక్‌లో 2/3, 3/4 పోల్చమని ఉంది. లవం, హారం రెండూ పెద్దగా ఉన్నదే పెద్ద భిన్నం అనుకునే పిల్లకూ అది రైటే అవుతుంది. దాని పక్కన 5/8, 3/4 చేర్చాం. లవానికీ హారానికీ మధ్య తేడా తక్కువున్నదే పెద్దదనుకునే పిల్లలు ఇంకో రకం. వాళ్ల కోసం 2/3, 5/7 పెట్టాం. 2/3లో తేడా 1, 5/7లో తేడా 2 కాబట్టి 2/3 పెద్దదంటారు, నిజానికి 5/7 పెద్దది. ఈ రెండు జతలూ సోమవారం క్లాసుకు వెళ్తాయి.